అడవికి వచ్చి పోయిన సముద్రం

ముందు ఆ ఫోన్ బోర్లా పెట్టి, పీట ఇటు లాక్కుని కుదురుగా కూర్చో. సగం విని మిగతా సగం నీ సొంతంగా రాసేటట్టయితే నేను చెప్పను. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు పాతవాళ్ళ అనుభవాలు రాసి పంపమన్నారు కదా, ఇది వాళ్ళ కోసం. నేను “వచ్చిండు” అంటే నువ్వు “వచ్చాడు” అని రాస్తున్నావని నాకు తెలుసు. రాసుకో, పుస్తకంలో అట్లాగే బాగుంటుందేమో. మనుషులు మాట్లాడుకున్న మాటలు మాత్రం మాట్లాడినట్టే ఉంచు. పేర్లు ఎవరివీ వద్దు. చాలామంది ఇంకా ఉన్నారు, పోయినవాళ్ళ పిల్లలు ఉన్నారు.

నా పని ఏమిటో చెబితేగాని నేను చేసిన తప్పు మీకు అర్థం కాదు. నేల లోపల ఏముందో చూడటానికి మా డిపార్ట్‌మెంట్ వాళ్ళు రిగ్గు పెట్టి రంధ్రం వేసేవారు. మామూలు బోరు వేస్తే రాయి పిండి అయి బయటికి వస్తుంది. మా దాంట్లో రాయి రాయిగానే, చపాతీ కర్ర మాదిరి గుండ్రంగా పైకి వచ్చేది. దాన్నే కోర్ అంటారు. ఆ ముక్కలు కడగాలి. ఏ కొస పైదో తెలిసేటట్టు ఒక్కోదాని మీద రంగుతో చిన్న బాణం వేయాలి. పొడుగాటి చెక్కపెట్టెలో అయిదు వరుసలుంటాయి, వాటిలో వచ్చింది వచ్చినట్టు పేర్చాలి. ఎంత లోతుదో రాసిన చెక్కముక్క మధ్యమధ్యన పెట్టాలి. సత్తుపల్లి మిషన్ బడిలో ఏడో తరగతి చదివాను, అంకెలు తిన్నగా రాస్తానని నన్ను పెట్టుకున్నారు. టెంపరరీ. పర్మనెంట్ చేసే లిస్టు తయారవుతోందని ఆ రోజుల్లోనే అనుకుంటున్నారు.

పెట్టెలో ఖాళీ ఉంటే మా దగ్గర అదో పెద్ద గొడవ. నేల మెత్తగా ఉన్నచోట రాయి రాదు, మట్టి నీళ్ళలో కలిసి కొట్టుకుపోతుంది. అది ఎవరి తప్పూ కాదు. అయినా పైవాళ్ళు ఖాళీ చూడగానే రిగ్గు నడిపే డ్రిల్లర్ ముఖం చూసేవారు. తొందరపడ్డావా, నీళ్ళు ఎక్కువ వదిలావా అని. అందుకని ఖాళీ అంటే డ్రిల్లర్లకి భయం. కొందరైతే పక్కన ఏ రాయి దొరికితే అది దోపేవారని వినేదాన్ని.

మా డ్రిల్లరు కుసుమంచి మనిషి. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. రిగ్గు చప్పుడులో బతికి బతికి చెవులు కాస్త మందం, నోరు మాత్రం గట్టిది. ఆయన కాక చిన్న సారు. రాళ్ళు చదివే జియాలజిస్టు, వరంగల్ వైపు పిల్లవాడు, అదే మొదటి పోస్టింగు. ఖమ్మం ఆఫీసులో పెద్ద సారు ఉండేవాడు, గోదావరి జిల్లాల మనిషి, తక్కువ మాట్లాడేవాడు. ఈ కథంతా మా నలుగురిదే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ముందు గోదావరి జిల్లాల్లో పంగిడి వైపు పని పడింది. నేను పుట్టి బుద్ధెరిగాక అట్లాంటి నేల చూడలేదు. క్వారీలో దిగితే గోడంతా నల్లరాయి. రాయిలో బుడగలు బుడగలుగా రంధ్రాలు, వాటిలో తెల్లటి పలుకులు. ఒక ఎత్తులో నల్లరాయి ఆగిపోయి సున్నం లాంటి తెల్లటి పొర, దాన్ని వేలితో గీకితే చిన్నచిన్న గవ్వలు. దాని పైన మళ్ళీ నల్లరాయి. ఇప్పుడు సముద్రానికి పోవాలంటే అక్కడి నుంచి బస్సులో సగం పూట పడుతుంది. మరి గవ్వలెక్కడివని చిన్న సారుని అడిగాను.

“అమ్మా, గీ నల్లది ఒకప్పుడు నిప్పు. నేల పగిలి గోదారి లెక్క పారింది. అది సల్లారినంక సముద్రం దాని మీదికి వచ్చింది. గవ్వలు, బురద అన్నీ అప్పటివే. సముద్రం పోయినంక మళ్ళ నిప్పు పారింది.”

“నడుమ ఎన్నేండ్లు సారు?”

“మనం లెక్కపెట్టే ఏండ్లు గావమ్మా అవి.”

“మా పాస్టరు గారు ఆరు దినాలల్ల అంతా అయిపోయిందంటరు. గింత రాయిని గా ఆరు దినాలల్ల యాడ సర్దాలె?”

ఆయన పకపకా నవ్వాడు. “నువ్వు బాక్సుల సర్దు చాలు. దినాల సంగతి పాస్టరు గారు చూసుకుంటరు.”

నాకు రాయి చదవడం నేర్పింది ఆయనే. నేను అటెండరు కంటే కింది మనిషిని. అయినా ఒక్కో ముక్క నా చేతిలో పెట్టి, “ఏం కనపడుతుందో చెప్పు” అనేవాడు. తప్పు చెబితే నవ్వేవాడు కాదు, “ఇంకోసారి చూడు” అనేవాడు. మీలో ఎవరికైనా కింద పనిచేసే మనుషులుంటే ఇది గుర్తుంచుకోండి.

అక్కడి పని చివరికి వచ్చేసరికి తెల్లరంగు డబ్బా అయిపోయింది. చివరి పెట్టెలోని రాళ్ళ మీద బాణాలు పసుపురంగుతో వేశాను, రిగ్గు కడ్డీలకి వేయగా మిగిలిన రంగు అది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ పట్టలేదు. తర్వాతి చోటికి మళ్ళీ తెల్లరంగు డబ్బాయే వచ్చింది.

అక్కడి నుంచి రిగ్గుని దమ్మపేట అవతల అడవి అంచుకి తెచ్చారు. ఒక పక్క టేకు, తునికి, ఇంకో పక్క కొత్తగా పెట్టిన పామాయిల్ తోటలు. నేలంతా ఎర్రటి ఇసుక. కింది రాయి కూడా ఇసుకరాయే, బెల్లం రంగులో, గోరు తగిలితే రాలేది. అక్కడికి వచ్చిన వారానికే చిన్న సారుకి కామెర్లు. ఖమ్మం దవాఖానాలో చేరుతూ, “మీరు రాయి తీసి పేర్చుండ్రి, నేను లేచినంక షెడ్డుల చదువుకుంట” అన్నాడు. అదే సమయానికి నా బిడ్డకి, అంటే మీ అమ్మకి, నొప్పులొచ్చాయి. నవ్వకు. నువ్వు పుట్టిన వారమే అది. నేను నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఆ నాలుగు రోజులూ రాళ్ళు పేర్చింది డ్రిల్లరే. అంటే ఆ రోజుల పెట్టెల్లో ఏ వరుస ఎట్లా ఉందో నేను చూడలేదు.

తిరిగి వచ్చిన రోజే పెట్టెలన్నీ జీపు ట్రైలర్‌లో వేసుకుని ఖమ్మం బయల్దేరాం. పంగిడిలో మిగిలిపోయిన ఆ చివరి పెట్టె కూడా రిగ్గుతో పాటే వచ్చింది, దాన్నీ ఎక్కించాం. డ్రైవర్ సెలవులో ఉంటే డ్రిల్లరే నడిపాడు. మధ్యాహ్నం దాటాక వాన పట్టుకుంది. వాగు దాటి ఒడ్డెక్కుతుండగా ట్రైలర్ వెనక తలుపు గొళ్ళెం ఊడింది. రెండు పెట్టెలు జారి బోర్లా పడ్డాయి. ఒకటి అడవిది, నేను లేనప్పుడు డ్రిల్లరు పేర్చింది. ఒకటి పంగిడిది. రాళ్ళన్నీ బురదలో కలిసిపోయాయి, కొన్ని నీళ్ళలోకి దొర్లాయి.

నేను నెత్తి మీద చేతులు పెట్టుకున్నాను.

“ఏడుపు తర్వాత చెల్లె! వాగు పొంగితే మనం గూడ గిట్లనే దొర్లుతం. జల్దీ ఎత్తు!”

“ఏది ఏ బాక్సుదో తెలుస్తలేదన్నా. అన్నీ బురదే.”

“తెలిసినకాడికి సర్దు. తెల్వనివి దోపు. ఖాళీ కనపడితే చిన్న సారు నిన్నేమనడు, నన్ను పట్టుకుంటడు.”

ముక్కలు విరిగిన చోటు ఒకదానికొకటి అతుకుతుంది కదా, చించిన కాగితం లాగా. అట్లా అతికినవన్నీ అతికించాను. మిగిలినవాటి దగ్గర ఒక ఆలోచన చేశాను. పంగిడి పెట్టె చిన్న సారు చదివేశాడు. అడవి పెట్టె ఇంకా చదవలేదు. చదివిన దాంట్లో పోతే నష్టం లేదు, చదవబోయే దాంట్లో వెలితి ఉండకూడదని అడవి పెట్టెని నిండుగా నింపాను. అప్పుడు అది నాకు చాలా తెలివైన పనిగా తోచింది. ఖమ్మంలో పెట్టెలు దించాక షెడ్డు మనిషి పైపైన నీళ్ళు చల్లాడు. నేను బాలింత దగ్గరికి పోవాలని బస్సెక్కాను.

పదిహేను రోజులకి చిన్న సారు లేచాడు. కళ్ళలో పసుపు ఇంకా పోలేదు. షెడ్డులోంచి ఆయన పెట్టిన కేక నాకిప్పటికీ చెవిలో ఉంది.

“అమ్మా! ఇటు రా, జల్దీ రా! గిదేంది చెప్పు.”

అడవి పెట్టెలో, మూడో వరుసలో, ఇసుకరాయి మధ్యన అయిదు నల్లరాళ్ళు. ఒకదాని అంచున గోరంత గవ్వ.

“నల్లరాయి సారు.”

“దమ్మపేటల! నిప్పు గింత దూరం వచ్చిందమ్మా. సముద్రం గూడ వచ్చింది. ఇన్నేండ్లు ఎవ్వరు చూడలె!”

నాకు అనుమానం రాలేదని ఇప్పుడు చెబితే ఎవరు కాదంటారు? కానీ వచ్చింది. వచ్చిన అరనిమిషానికే దాన్ని తోసేశాను. అడవిలో మాత్రం నల్లరాయి ఎందుకు ఉండకూడదు అనుకున్నాను. జబ్బుపడి లేచిన ఆ పిల్లవాడి ముఖం అంత వెలిగిపోతుంటే నేనేం చెప్పను?

రెండు రోజులకి ఆయన మా ఇద్దరినీ తీసుకుని మళ్ళీ అడవికి వచ్చాడు. రంధ్రం వేసిన చోట నిలబడి చేతులు చాచి, ఇదిగో ఇక్కడ ఒడ్డు, అదిగో ఆ టేకు చెట్ల అవతల నుంచి నిప్పు పారింది, ఇక్కడికొచ్చి నీళ్ళలో పడి బుస్సుమని ఆవిరి లేచి ఉంటుంది అని చెబుతుంటే, నిజం చెబుతున్నాను, నాకు ఉప్పుగాలి తగిలినట్టే అయింది. పక్క గూడెం అవ్వ ఒకామె తునికాకు మోపు దించి వింటోంది. ఆ గూడెం వాళ్ళు తమలో తాము వేరే భాష మాట్లాడుకుంటారు, మాతో తెలుగే.

“అవ్వా, మీ ఊరు ఒకప్పుడు సముద్రం ఒడ్డు” అన్నాడు చిన్న సారు.

“అట్లైతే చేపలేవి బిడ్డా? బొక్క పెట్టినంక రాళ్ళే ఎత్తుకపోతుండ్రి” అంది అవ్వ.

డ్రిల్లరు గట్టిగా నవ్వాడు. కానీ నా ముఖం వైపు చూడలేదు. అది నేను గమనించాను.

చిన్న సారు పెద్ద సారుకి చెప్పాడు, పెద్ద సారు హైదరాబాదుకి చెప్పాడు. మ్యాపులో నల్లరాయి గీత ఎక్కడో కోస్తా వైపు ఆగిపోయి ఉంటుంది, దాన్ని అడవిలోకి జరపాలి. అది కనిపెట్టినవాడి పేరు కింద రాస్తారట. ఇరవై ఆరేళ్ళ పిల్లవాడికి ఇంకేం కావాలి. పైనుంచి ముగ్గురు ఆఫీసర్లు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. వాళ్ళు వచ్చే రోజు పొద్దున ఆయన నన్ను పిలిచి, “గా అయిదు ముక్కలు నాలుగు దిక్కులా మంచిగ కడిగి పెట్టమ్మా, నువ్వే కడుగు” అని టిఫిన్‌కి పోయాడు.

షెడ్డులో నేనొక్కదాన్నే. మొదటి ముక్క బకెట్‌లో ముంచి తిప్పాను. ఎండి అట్టకట్టిన బురద కింద బాణం. పసుపు బాణం.

రెండోదాని మీదా పసుపే. అయిదింటి మీదా పసుపే.

తర్వాత నేనేం చేశానో చెబుతాను, ఉన్నదున్నట్టు రాయి. ఇనప బ్రష్ తీసుకుని ఆ బాణాలు గీకేశాను. పర్మనెంట్ లిస్టు పెద్ద సారు బల్ల మీద ఉంది. పెట్టె పడేసినదాన్ని, పడేసి దాచినదాన్ని ఎవరు ఉంచుకుంటారు? బాణాలు పోతే అడిగేవాళ్ళు లేరు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదోదాని మీద గవ్వ పక్కనే బాణం ఉంది. మెల్లగానే పెట్టాననుకున్నాను. బ్రష్ జారింది. బకెట్‌లో నీళ్ళు కొంచెం తెల్లబడ్డాయి. చూస్తే గవ్వ సగం లేదు.

ఆ నిప్పు కింద పడి కూడా చెక్కుచెదరని గవ్వ అది. నా చేతిలో, ఒక్క గీకుకి, నీళ్ళయిపోయింది. అక్కడే కూలబడ్డాను.

చిన్న సారు వచ్చేసరికి నేను అట్లాగే ఉన్నాను. పాము గిట్ల కరిచిందా అని కంగారుపడ్డాడు. చెప్పేశాను. వాగు, వాన, బోర్లాపడ్డ పెట్టెలు, నింపడం, పసుపురంగు, అన్నీ.

“బాణాలు ఏవి?” అన్నాడు.

“గీకేసిన సారు.”

“అన్నీ?”

“అన్నీ.”

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక పెట్టె మీద కూర్చుని ఆ రాళ్ళని ఒక్కోటీ తిప్పి చూశాడు. గుర్తు ఎక్కడా లేదు. నా పని ఎప్పుడూ శుభ్రంగానే ఉండేది. తర్వాత డ్రిల్లర్ని పిలిపించాడు.

“అన్నా, నిజం చెప్పు. గా నలభై మీటర్ల కాడ కోర్ ఫుల్లు వచ్చిందా?”

“ఫుల్లు వచ్చింది సారు. నా చేతుల మీదనే పేర్చిన.”

“రాయి ఏం రంగు?”

“నాకేం ఎరుక సారు, బురదల ఉండె.” డ్రిల్లరు నా వైపు తిరిగాడు. “ఏందే చెల్లె, బంగారం దొరికిన రోజు గీ లొల్లి ఏంది? మూసుకోని కూసోరాదూ!”

బయట జీపు ఆగింది. ఇప్పుడు ఆలోచించండి, ఆయన చేతిలో ఏముంది? ఒక పక్క రాళ్ళున్నాయి, డ్రిల్లరు మాట ఉంది, ఆయన పేరు మ్యాపు మీదికి ఎక్కడానికి సిద్ధంగా ఉంది. ఇంకో పక్క గుర్తులు చెరిపేసిన టెంపరరీ మనిషి మాట. పంగిడి పెట్టెలో ఖాళీలున్నా, అవి వాగులో పోయిన రాళ్ళవే అనొచ్చు. నేను చెప్పింది వినలేదనుకుంటే సరిపోయేది. నేను కూడా ఇంకోసారి చెప్పేదాన్ని కాదేమో.

ముగ్గురు ఆఫీసర్లతో పెద్ద సారు లోపలికి వచ్చాడు. చిన్న సారు లేచి నిలబడి, “సార్, పెట్టె తెచ్చేటప్పుడు పడింది. ఈ అయిదు ముక్కలు పంగిడివి కావచ్చు. దయచేసి వీటిని నమ్మకండి. నేను చూసుకోవలసింది, చూసుకోలేదు” అన్నాడు.

వచ్చినవాళ్ళలో ఒకాయన నవ్వాడు. “ఏమయ్యా, సముద్రం వచ్చిందని మొన్న ఫోన్ చేయించావు. ఇవాళ పోయిందంటున్నావా? మేం హైదరాబాద్ నుంచి దేనికొచ్చినట్టు, నీ బకెట్ చూడ్డానికా?”

మిగిలిన ఇద్దరూ నవ్వారు. చిన్న సారు చెవులు ఎర్రబడ్డాయి, కానీ తల దించలేదు. పడేసింది ఎవరని పెద్ద సారు అడిగాడు. “నా చార్జీల ఉన్న పెట్టె సార్” అన్నాడాయన. అప్పుడు నేను ముందుకొచ్చాను.

“నేను సారు. పడ్డది ఇద్దరి ముందట. నింపింది నేను. ఇయ్యాల గీకింది గూడ నేనే.”

డ్రిల్లరు మాత్రం, కోర్ ఫుల్లు వచ్చిందనే అన్నాడు మళ్ళీ. పెద్ద సారు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. “రాయి ఒకటి చెబుతోంది, డ్రిల్లరు ఒకటి, ఈవిడ ఒకటి. నేలనే అడుగుదాం. పాత రంధ్రం పక్కనే ఇంకోటి వేయండి.” నాతో ఇంకో మాట అన్నాడు. “అది తేలేదాకా నువ్వు పెట్టెలు ముట్టుకోకు. ఊడ్చే పని చెయ్యి.”

ఊడ్చాను. నెల పైన. ఆఫీసులో అందరూ చిన్న సారుని సముద్రం సారు అనడం మొదలుపెట్టారు. టీ దగ్గర, “ఇయ్యాల అలలు ఎట్లున్నయి సారు?” అని అడిగేవారు. ఆయన టీ తాగి గ్లాసు పెట్టి వెళ్ళిపోయేవాడు. నాతో మాట్లాడటం మానలేదు గానీ, రాయి నా చేతిలో పెట్టి చదవమనడం మానేశాడు. రెండో రంధ్రంలో నల్లరాయి వస్తే నేను అబద్ధాలకోరుని, ఆయన పిచ్చివాడు. చేతికొచ్చిన పేరు ఒక ఊడ్చేదాని మాట మీద పారేసుకున్నవాడు. అట్లా కాకూడదని రోజూ ప్రార్థన చేసుకునేదాన్ని. నేల కింద నల్లరాయి ఉండకూడదని ప్రార్థన చేసింది లోకంలో నేనొక్కదాన్నే అయుంటాను.

రెండోసారి రిగ్గు పెట్టినప్పుడు నన్నూ రమ్మన్నాడు చిన్న సారు. ముప్పై, ముప్పై అయిదు, బెల్లం రంగు ఇసుకరాయి వస్తూనే ఉంది. నలభై దగ్గరికి వచ్చేసరికి రిగ్గు చప్పుడు మారింది, కడ్డీలు మెత్తగా దిగుతున్నాయి. చిన్న సారు ఆపించి పైకి లాగమన్నాడు. రాయి వచ్చే గొట్టం పీకి కొడితే లోపలినుంచి గుప్పెడు బూడిదరంగు బురద జారింది. అంతే. రాయి లేదు. నిదానంగా, నీళ్ళు తగ్గించి, మళ్ళీ దింపారు. మళ్ళీ అంతే. దాని కింద మళ్ళీ మామూలు ఇసుకరాయి.

అయిదు జానల ఖాళీ. నేను నల్లరాళ్ళు దోపిన జాగా సరిగ్గా అంత.

డ్రిల్లరు రిగ్గు ఆపి, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. వచ్చి చిన్న సారు ఎదురుగా నిలబడి, “అవ్ సారు. అప్పుడు గూడ గిట్లనే రాలె. ఖాళీ ఉండె. రాస్తే నా నెత్తి మీదికొస్తదని రాయలె. చెల్లె నింపితే మంచిగైందనుకున్న” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “నిన్ను అబద్ధాలదాన్ని చేసిన చెల్లె. ఏమన్నా అను” అన్నాడు. నేనేం అంటాను? నేను గీకలేదా?

గూడెం అవ్వ ఆ రోజూ వచ్చింది. సముద్రం ఏమైందని అడిగింది. పొరపాటైంది అవ్వా, రాలేదు, అక్కడున్నది నీళ్ళలో కొట్టుకుపోయింది అన్నాడు చిన్న సారు.

“రాలేదని నీకెవరు జెప్పిండ్రు? గాడ ఏమున్నదో కొట్టుకపోయిందంటివి గదా” అంది అవ్వ.

చిన్న సారు నవ్వాడు, నెల రోజుల్లో మొదటిసారి. ఒక చెక్కముక్కా, రంగూ కుంచే నా చేతికిచ్చి, “అమ్మా, నువ్వే రాయి. ఇంత నుంచి ఇంతదాకా ఏం దొరకలేదని రాయి. సముద్రం లేదని రాయకు, ఉన్నదని రాయకు” అన్నాడు. వంకరటింకర అక్షరాలే వచ్చాయి, ఆయన మార్చమనలేదు. ఆ చెక్క ఖాళీలో పెట్టి పెట్టె మూత వేశాం. పెద్ద సారు అది చూసి నా చీపురు ఇంకొకరికి ఇప్పించాడు. పర్మనెంట్ లిస్టులో ఆ ఏడు నా పేరు రాలేదు. రెండేళ్ళ తర్వాత వచ్చింది.

చిన్న సారు తర్వాత పెద్ద పదవులు చేశాడు. ఆయన పేరు ఏ మ్యాపు కింద ఉందో నాకు తెలియదు. నేను ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదని మీ అమ్మ ఒకసారి అడిగింది. ఆయనకేమయ్యేది, ఇంకో అయిదేళ్ళకో పదేళ్ళకో ఎవరో ఒకరు వచ్చి తప్పని తేల్చేవారు, ఆయన తట్టుకునేవాడే. నేనే, తర్వాత ఆ షెడ్డు తాళంచెవి రోజూ నా కొంగునే ఉండేదాయె, పొద్దున్నే తలుపు తీసి ఆ మూడో వరుస ముందు నుంచి నడవాల్సి వచ్చినప్పుడల్లా నేను –

ఆఁ, వస్తున్ననే! కూర సల్లారితే సల్లారనీ, గిన్నె మీద మూత బెట్టు. నీ బిడ్డకు గూడ పళ్ళెం పెట్టు, పొద్దటి నుంచి ఏం తినలె. లే బిడ్డా, చెయ్యి కడుక్కో.